చేతిలోని బీరువా, తెరచి ఉన్న తలుపు
(తిరుపతిలో మైనారిటీ కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మొబైల్ ఫోను భద్రత గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు మేము మొదట సంకోచించాం. మేము ఇంజనీర్లం కాము. మాది అయిదారుగురు విశ్రాంత ఉద్యోగుల చిన్న బృందం. మాలో అధికులం ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాలుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాళ్లమే. ఆదివారాలు ఏదో ఒక మొహల్లాలో బల్ల వేసుకుని కూర్చుని పింఛను, రేషను కార్డు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపిపెడుతుంటాం. ఒకప్పుడు ఆ బల్ల మీదకు కాగితాలు వచ్చేవి. ఇప్పుడు ఫోన్లు వస్తున్నాయి. దరఖాస్తు నింపడానికి వచ్చినవారి ఫోను తెరిచి చూస్తే, దరఖాస్తు కంటే ముందు సరిచేయవలసినది ఆ ఫోనేనని మాకు అర్థమవుతూ వచ్చింది. అందుచేత ఈ రోజు మేము చెప్పబోయేది పుస్తకాలలో చదివిన విద్య కాదు, ఎక్కువ భాగం ఆ బల్ల దగ్గర నేర్చుకున్నది.

మా ఉద్యోగకాలంలో ప్రతి కార్యాలయంలోనూ ఒక రికార్డు గది ఉండేది. దానికి తాళం. తాళపుచెవి ఎవరి వద్ద ఉన్నదో రిజిస్టరులో నమోదు. ఏ దస్త్రం ఎవరు తీసుకువెళ్లారో సంతకం. ముప్పై ఏళ్లకు పైబడిన సర్వీసులో గోడకు కన్నం వేసి దస్త్రం దొంగిలించిన సంఘటన మేము ఒక్కటీ చూడలేదు. పోయిన దస్త్రాలు మాత్రం ఉన్నాయి. అవన్నీ టీ తాగడానికి వెళుతూ తాళం వేయని తలుపు గుండానే పోయాయి. ఫోన్ల విషయంలోనూ మేము చూస్తున్నది అదే. హ్యాకర్లు అనగానే ఎక్కడో చీకటి గదిలో కూర్చున్న మహా మేధావులను ఊహించుకుంటాం. అటువంటివారు లేరని కాదు. వారికి మన ఇళ్లతో పని తక్కువ. మన ఇళ్లకు నష్టం చేస్తున్నది మనం ఎన్నడూ తెరిచి చూడని సెట్టింగ్స్, చదవకుండా నొక్కిన 'అనుమతించు' అనే మాట.

ఒక సంగతి వివరంగా చెబుతాం. పీలేరు వైపు నుంచి ఒక సోదరి మా దగ్గరకు వచ్చింది. భర్త కువైట్‌లో డ్రైవరు. మన పీలేరు, కలకడ, రాయచోటి ప్రాంతాల సంగతి మీకు తెలిసిందే. సగం వీధి ఇక్కడ ఉంటే సగం వీధి గల్ఫ్‌లో ఉంటుంది. సంసారమంతా ఫోనులోనే నడుస్తుంది. ఆమె ఒక సెకండ్ హ్యాండ్ ఫోను కొనుక్కుంది. అమ్మిన దుకాణంలోని కుర్రవాడు, ఆమెకు జీమెయిల్ లేదని, ప్లే స్టోర్ తెరుచుకోవాలి కదా అని, తన జీమెయిల్ అకౌంటునే అందులో పెట్టి ఇచ్చాడు. ఆ తర్వాత ఫొటోల యాప్ 'బ్యాకప్ చేయమంటారా' అని అడిగింది. ఆమె సరే అని నొక్కింది. అంతే. కూతురి నిఖా ఫొటోలు, మెహందీ నాటి ఆడవారి ఫొటోలు, బ్యాంకు పాసుపుస్తకం, భర్త పాస్‌పోర్టు, వీసా కాగితం, అన్నీ రెండేళ్లపాటు ఆ కుర్రవాడి అకౌంటులోకి వెళ్లి చేరుతూనే ఉన్నాయి.

మేము ఆ కుర్రవాణ్ణి పిలిపించాం. అతను దుర్మార్గుడు కాదు. మన పిల్లవాడే. చూపించగానే ముఖం పాలిపోయింది. తాను ఆ విధంగా ముప్పై, నలభై ఫోన్లలో అదే అకౌంటు పెట్టి ఇచ్చానని చెప్పాడు. మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. ఆమె ఎదుటనే ఫొటోలన్నీ తుడిపించి, 'ట్రాష్'లో మిగిలినవి కూడా తీసివేయించి, ఆ అకౌంటును ఆమె ఫోను నుంచి తొలగించి, ఆమె పేరుతో కొత్త అకౌంటు తెరిచాం. పాస్‌వర్డు ఆమే పెట్టుకుంది. మేము ముఖం పక్కకు తిప్పుకున్నాం. అతను బుద్ధిమంతుడు కాబట్టి అంతటితో సరిపోయింది. కాకపోయి ఉంటే ఏమయ్యేదో మేము ఇక్కడ వర్ణించనవసరం లేదు.

కాబట్టి మా మొదటి మనవి ఇది. ఇంటికి వెళ్లి, మీ అమ్మ ఫోను, అత్తగారి ఫోను, నాన్నమ్మ ఫోను తీసుకుని సెట్టింగ్స్‌లో 'అకౌంట్స్' అన్న చోట ఎవరి పేరు ఉన్నదో చూడండి. దుకాణంవాడి పేరా, ఊరు వదిలిపోయిన మేనల్లుడి పేరా, ఎవరిదో తెలియని పేరా? ఫోను మనది, తాళపుచెవి పరాయివాడిది అయితే అది మన ఫోను కాదు.

"హమారే పాస్ ఛుపానే కో క్యా హై?" అని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటుంటారు. దాచడానికి మన దగ్గర ఏముంది అని. దాచడం వేరు, తలుపు వేసుకోవడం వేరు. ఇతరుల ఇంట్లోకి అనుమతి అడగకుండా అడుగుపెట్టరాదని మనకు చిన్ననాడే నేర్పారు. ఆ నియమం తప్పు చేసినవారి ఇళ్లకే కాదు, అందరి ఇళ్లకూ వర్తిస్తుంది. దేశ చట్టంలోనూ అదే ఉంది. ఆధార్‌ను సవాలు చేస్తూ 2012లో, 86 ఏళ్ల వయస్సులో సుప్రీంకోర్టు మెట్లెక్కిన విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి పేరు మీరు వినే ఉంటారు. కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు. ఆయన వేసిన కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. హక్కు ఉందని కోర్టు చెప్పింది. తలుపు వేసుకునే పని మాత్రం మనదే.

ఇక మన ఫోన్లలో అందరికీ ఇష్టమైన యాప్‌ల సంగతి. నమాజు వేళలు చూపేవి, ఖిబ్లా దిక్కు చూపేవి, అజాన్ వినిపించేవి. ఇక్కడ ఉన్నవారిలో ఇటువంటి యాప్ లేనివారు బహుశా తక్కువ. 2020 నవంబరులో అమెరికాకు చెందిన మదర్‌బోర్డ్ పత్రిక ఒక విషయం బయటపెట్టింది. ప్రపంచవ్యాప్తంగా 9 కోట్ల 80 లక్షల డౌన్‌లోడ్లు ఉన్న 'ముస్లిం ప్రో' యాప్ నుంచి వాడకందారులు ఎక్కడెక్కడ ఉన్నారన్న లొకేషన్ సమాచారం ఎక్స్-మోడ్ అనే వ్యాపార సంస్థకు వెళుతున్నదని, ఆ సంస్థ ఖాతాదారులలో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారని రాసింది. ప్రపంచమంతటా ముస్లింలు దిగ్భ్రాంతి చెందారు. ఆ తర్వాత సమాచారం పంచుకోవడం ఆపివేస్తున్నామని యాప్ యాజమాన్యం ప్రకటించింది. సుమారు ఏడాదిన్నరకు, 2022లో, గూగుల్ సంస్థ తన ప్లే స్టోర్ నుంచి కొన్ని యాప్‌లను తొలగించింది. వాటిలో అజాన్ యాప్ ఒకటి, ఖిబ్లా దిక్సూచి ఒకటి ఉన్నాయి. పనామాలో నమోదైన ఒక కంపెనీ రాసిన కోడ్ వాటిలో దాగి ఉండి, ఫోను నంబరు, ఈమెయిల్, లొకేషన్ వంటివి సేకరిస్తున్నదని పరిశోధకులు కనిపెట్టారు.

ఇందులో కుట్ర ఎంత, వ్యాపారం ఎంత అన్న చర్చలోకి మేము వెళ్లదలచుకోలేదు. మాకు అర్థమైనంతలో ఎక్కువ భాగం వ్యాపారమే. కానీ వ్యాపారికి అమ్మిన వస్తువు చివరకు ఎవరి చేతికి చేరుతుందో అమ్మినవాడికే తెలియదు. ఒక మనిషి రోజుకు అయిదు పూటలు ఏ మసీదుకు వెళుతున్నాడు, శుక్రవారం ఎక్కడ ఉన్నాడు, ఏ సభకు వచ్చాడు, ఎవరి ఇంట్లో రాత్రి గడిపాడు అన్నది ఒక వరుసలో పెడితే, అది ఏ గూఢచారి డైరీకీ తీసిపోదు. ఆ డైరీ మన జేబులో ఉండి తనంతట తాను రాసుకుంటున్నది.

మరి నమాజు యాప్ తీసివేయాలా? అక్కరలేదు. నమాజు వేళ తెలుసుకోవడానికి తిరుపతి అనే ఊరి పేరు ఇస్తే చాలు. మీరు ఏ వీధిలో ఏ గుమ్మం ముందు నిలబడ్డారో దానికి తెలియనవసరం లేదు. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు తాకి, 'పర్మిషన్స్' తెరిచి, 'లొకేషన్' దగ్గర 'ఎల్లప్పుడూ' అని ఉంటే 'అనుమతించవద్దు' అని మార్చండి. ఊరు చేత్తో ఎంచుకోండి. ఖిబ్లా చూసుకోవలసి వస్తే 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అని పెట్టుకోవచ్చు. టార్చిలైటు యాప్‌కు మీ కాంటాక్టులు ఎందుకు? రంగు రంగుల కీబోర్డుకు మైకు ఎందుకు? ఒకసారి కూర్చుని ఈ జాబితా చూస్తే, ఇంటిలో ఎవరెవరికి తాళపుచెవులు ఇచ్చామో తెలిసి మీరే ఆశ్చర్యపోతారు.

కాంటాక్టుల అనుమతి ఎంత ప్రాణాంతకమో మన రాష్ట్రం చూసింది. లోన్ యాప్‌లు. కోవిడ్ కాలంలో పని పోయినవాళ్లు, చిన్న వ్యాపారం మూతపడినవాళ్లు అయిదు వేలకూ పదివేలకూ వాటిని ఆశ్రయించారు. అప్పు ఇచ్చే ముందు యాప్ అడిగేది రెండే: కాంటాక్టులు, ఫొటోలు. కట్టడం ఆలస్యమైతే ఆ కాంటాక్టులలో ఉన్న వియ్యంకుడికీ, యజమానికీ, పొరుగువారికీ వికృతంగా మార్చిన ఫొటోలు వెళ్లేవి. 2020 డిసెంబరులో తెలంగాణ పోలీసులు వరుసగా కేసులు పెట్టి అరెస్టులు చేశారు. అయినా ఆగలేదు. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో భార్యాభర్తలిద్దరూ ఇద్దరు చిన్న ఆడపిల్లలను విడిచి ప్రాణాలు తీసుకున్నారు. అదే నెల 2వ తేదీన రిజర్వు బ్యాంకు జారీ చేసిన మార్గదర్శకాలలో ఒక వాక్యం ఉంది. దాన్ని మీరు గుర్తుంచుకోండి. డిజిటల్ రుణాలిచ్చే యాప్‌లు ఫోనులోని ఫైళ్లను, ఫొటోలను, కాంటాక్టులను, కాల్ వివరాలను తాకరాదు. ఖాతా తెరిచే సమయంలో కెమెరా, మైకు, లొకేషన్ వంటివాటికి మాత్రమే, అదీ స్పష్టమైన సమ్మతితో, ఒక్కసారి అనుమతి తీసుకోవచ్చు. కాబట్టి అప్పు ఇచ్చే యాప్ ఏదైనా కాంటాక్టులు అడిగిందంటే అది నిబంధనను ఉల్లంఘిస్తున్నదని అక్కడికక్కడే తేలిపోతుంది. వడ్డీ ఎంత అని అడగవలసిన పనే లేదు, అక్కడే ఆపివేయండి. వడ్డీ సంగతి వేరే సభలో మాట్లాడుకుందాం.

అబ్బాయిలకు ఒక మాట. చిత్తూరులో డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థి స్కాలర్‌షిప్ పత్రాలు ప్రింటు తీసుకోవడానికి ఒక జిరాక్సు దుకాణానికి వెళ్లాడు. పెన్‌డ్రైవు లేదు. అక్కడి కంప్యూటరులో వాట్సాప్ వెబ్ తెరిచి, తన ఫోనుతో స్కాన్ చేసి, పత్రాలు దింపుకుని, డబ్బులిచ్చి వచ్చేశాడు. లాగౌట్ చేయలేదు. మర్నాడు ఆ కంప్యూటరు మీద కూర్చున్నవాడు ఎవరో, అతని పేరుతో, అతను ఉన్న మూడు గ్రూపులలో ఒక మతాన్ని దూషించే వీడియో పెట్టాడు. సాయంత్రానికి అబ్బాయి ఇంటి ముందు జనం. అతని తండ్రి ఆటో తోలుతాడు. ఆ రాత్రి ఆయన మా దగ్గరకు పరుగెత్తుకొచ్చినప్పుడు ఆయన చేతులు వణుకుతున్నాయి. అదృష్టవశాత్తూ గ్రూపులో ఉన్న హిందూ మిత్రులే "వీడు ఇటువంటివాడు కాడు" అని ముందుకొచ్చారు. ఫోనులోని 'లింక్డ్ డివైసెస్' జాబితాలో ఆ కంప్యూటరు పేరు, ఏ సమయం దాకా పనిచేసిందో కనిపించింది. ఆ తెరను ఫొటో తీసి ఉంచాం. పెద్దమనుషులు నలుగురు కూర్చుని సర్దుబాటు చేశారు. కేసు కాలేదు.

కేసు అయి ఉంటే? వేరే ఇంటి పిల్లవాడికి అది ఒక పొరపాటు. మన ఇంటి పిల్లవాడికి అది నెలల తరబడి కోర్టు వాయిదాలు, ఊడిపోయే ఉద్యోగం, పత్రికలో పేరు. ఇది ఫిర్యాదుగా చెప్పడం లేదు, అనుభవంగా చెబుతున్నాం. ఒకే తప్పుకు అందరికీ ఒకే ధర పడని చోట, తలుపు వేసుకోవడంలో మనం మరింత జాగ్రత్తగా ఉండక తప్పదు. వాట్సాప్‌లో పైనున్న మూడు చుక్కలు నొక్కి 'లింక్డ్ డివైసెస్' ఇప్పుడే చూడండి. ఇక్కడే కూర్చుని చూడండి, మేము ఆగుతాం. మీకు తెలియని కంప్యూటరు ఏదైనా ఉంటే తాకి లాగౌట్ చేయండి. తర్వాత 'టూ స్టెప్ వెరిఫికేషన్' అన్న చోట ఆరు అంకెల పిన్ పెట్టుకోండి. అది ఉంటే, మీ ఓటీపీ ఎవరికైనా చిక్కినా మీ వాట్సాప్ వాడి ఫోనులో తెరుచుకోవడం కష్టమవుతుంది.

వాట్సాప్ సెట్టింగ్స్‌లోనే ఇంకొకటి ఉంది. గ్రూపులలో వచ్చే ఫొటోలు, వీడియోలు తమంతట తామే ఫోనులో దిగిపోయే ఏర్పాటు. దానిని ఆపివేయండి. మీరు చూడను కూడా చూడని దుర్మార్గపు వీడియో ఒకటి మీ గ్యాలరీలో కూర్చుని ఉంటే, రేపు దాన్ని చూపి "ఇది నీ ఫోనులో ఎందుకుంది" అని అడిగితే సమాధానం చెప్పడం కష్టం. 2021 అక్టోబరులో హైదరాబాదులో పోలీసులు దారిన పోయేవారిని ఆపి, ఫోను తీయించి, గంజాయి అన్న మాట కోసం వాట్సాప్ వెదికిన దృశ్యాలు దేశమంతా చూసింది. న్యాయవాదులు అప్పుడే అభ్యంతరం చెప్పారు. ఫోను తనిఖీకీ స్వాధీనానికీ చట్టం ఒక పద్ధతి నిర్ణయించింది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 105వ సెక్షను, సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలని చెబుతున్నది. పోలీసులతో వాదులాట పెట్టుకోమని మేము చెప్పడం లేదు. మర్యాదగా, స్పష్టంగా, 'ఏ కేసులో తీసుకుంటున్నారు, పంచనామా ప్రతి ఇప్పించండి' అని అడగవచ్చు. దీన్ని మన ఊరి న్యాయవాదితో ఒకసారి విడిగా చర్చించుకోవడం మంచిది.

ఇప్పుడు పరదాకు ఆవలనున్న అక్కచెల్లెళ్లతో మాట్లాడతాం. ఇవతలనున్న తండ్రులు, అన్నలు కూడా వినాలి. నిజానికి వారే ఎక్కువగా వినాలి.

2021 జులైలో ఒకటి, 2022 జనవరి 1న మరొకటి, గిట్‌హబ్ అనే వేదిక మీద రెండు నీచమైన యాప్‌లు వెలిశాయి. వాటి పేర్లు ఈ వేదిక మీద ఉచ్చరించడం మాకు ఇష్టం లేదు. ముస్లిం మహిళల ఫొటోలు పెట్టి వేలం వేస్తున్నట్లు చూపాయి. రెండవదానిలో నూరుమందికి పైగా మహిళలు ఉన్నారు. పాత్రికేయులు, న్యాయవాదులు, విద్యార్థినులు, హైదరాబాదుకు చెందిన, అరవై ఏళ్లు దాటిన సామాజిక కార్యకర్త ఒకరు. ఢిల్లీ, ముంబయి పోలీసులు పట్టుకున్నవారిలో ఇరవై ఏళ్ల ప్రాయపు విద్యార్థులు ఉన్నారు. ఆ ఫొటోల కోసం ఎవరి ఫోనునూ బద్దలు కొట్టలేదు. సోషల్ మీడియాలో అందరికీ కనిపించేలా ఉన్న ఫొటోలనే తీసుకున్నారు.

ఆ వార్త వచ్చిన వారంలో మన ఊళ్లలో ఏమి జరిగిందో మేము చూశాం. కూతుళ్ల ఫోన్లు లాక్కున్నారు. ఫేస్‌బుక్ మూసివేయించారు. ఒక ఇంట్లోనైతే పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదువుతున్న అమ్మాయిని చదువు మానిపించే ఆలోచన కూడా చేశారు. తండ్రి భయం మాకు తెలియనిది కాదు, మాకూ కూతుళ్లున్నారు. కానీ ఆలోచించండి. ఆ యాప్‌లు పెట్టినవాడు కోరుకున్నది ఏమిటి? మాట్లాడే ముస్లిం మహిళ మాట్లాడకుండా పోవాలని. మనం ఫోను లాక్కుంటే వాడి పని మనం పూర్తి చేసినట్టే అయింది. దొంగ వీధిలో తిరుగుతున్నాడని ఇంటి ఆడపిల్లను బీరువాలో పెట్టి తాళం వేయం కదా. తలుపుకు తాళం వేస్తాం, ఆ తాళపుచెవి ఆమెకే ఇస్తాం.

ఆ తాళం ఇది. వాట్సాప్‌లో 'ప్రైవసీ' తెరిచి, ప్రొఫైల్ ఫొటో 'ఎవ్రీవన్' నుంచి 'మై కాంటాక్ట్స్'కు మార్చండి. 'గ్రూప్స్' దగ్గర కూడా అంతే, అపరిచితులు మిమ్మల్ని ఎక్కడెక్కడో చేర్చలేరు. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను ప్రైవేటు చేసుకోండి. ఫేస్‌బుక్‌లో ప్రొఫైల్ లాక్ ఉంది. ఫోను తెరకు పిన్ పెట్టుకోండి, పుట్టిన సంవత్సరం కాకుండా. మేము పరిశీలించిన ఫోన్లలో పుట్టిన సంవత్సరం, లేదా నాలుగు సున్నాలు, ఈ రెండే అధికం. మా బృందంలో ఒక పెద్దమనిషిది కూడా నాలుగు సున్నాలేనని ఈ ప్రసంగం సిద్ధం చేస్తున్నప్పుడు తేలింది, పేరు చెప్పం. తాళం వేసిన తెర మీద కూడా ఓటీపీ సందేశం కనిపిస్తుంటుంది. సెట్టింగ్స్‌లో 'నోటిఫికేషన్స్' దగ్గర లాక్ తెర మీద సున్నితమైన విషయాలు చూపవద్దని ఎంచుకోండి. బస్సులో పక్క సీటువాడికి అది కనిపించనవసరం లేదు.

ఇవన్నీ ఉన్నా జరగరానిది జరిగితే, మొదట చేయవలసినది ఆ అమ్మాయిని తిట్టకపోవడం. బెదిరించేవాడి బలమంతా "మీ నాన్నకు చెబుతాను" అన్న మాటలోనే ఉంటుంది. నాన్నకు ముందే తానే చెప్పగలిగిన అమ్మాయి దగ్గర వాడికి అమ్ముకోవడానికి ఏమీ మిగలదు. తెర ఫొటోలు తీసి ఉంచి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. మహిళలకు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదులకు అందులో ప్రత్యేక విభాగం ఉంది. పేరు వెల్లడించకుండా కూడా ఇవ్వవచ్చు.

డబ్బు విషయం త్వరగా ముగిస్తాం, దీనిమీద బ్యాంకులు ఎప్పుడూ చెబుతూనే ఉన్నాయి. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అని, ట్రాఫిక్ చలానా అని, ప్రభుత్వ పథకం అని ఒక ఫైలు వస్తుంది. దాని పేరు చివర 'ఏపీకే' అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, అది ఏపీకేగా రాదు. అది యాప్. మేనమామ నంబరు నుంచి వచ్చినా తాకవద్దు, ఎందుకంటే మేనమామ ఫోను ముందే వాడి చేతికి చిక్కి ఉండవచ్చు. సెట్టింగ్స్‌లో 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' అన్న చోట వాట్సాప్‌కు, క్రోమ్‌కు ఉన్న అనుమతి తీసివేస్తే, పొరపాటున తాకినా ఫోను అడ్డుకుంటుంది. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి. సిగ్గుపడి రెండు రోజులు దాచుకుంటే ఆ డబ్బు పది ఖాతాలు దాటిపోతుంది. మీ తప్పు లేకుండా మూడవ వ్యక్తి మోసం వల్ల డబ్బు పోయి, మూడు పనిదినాలలోగా బ్యాంకుకు తెలియజేస్తే ఖాతాదారుకు బాధ్యత లేదని రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వు చెప్పింది. మీరే ఓటీపీ చెప్పి ఉంటే మాత్రం, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిన మొత్తం మీదే. ఫిర్యాదు లిఖితపూర్వకంగా ఇచ్చి, ముద్ర వేయించుకుని, తారీఖుతో నకలు ఉంచుకోండి. గుమాస్తాల మాటగా ఇది వినండి. ముద్ర లేని కాగితం కాగితం కాదు.

వేలిముద్రల మాట కూడా. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి, ఇంటర్నెట్‌లో దొరికిన రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్లు తయారుచేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేసిన ఉదంతం బయటపడింది. దస్తావేజుల మీద నల్ల సిరాతో నొక్కించిన వేలిముద్రలతోనే జీవితం గడిపిన మాకు ఆ వార్త చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. ఆధార్‌కు బయోమెట్రిక్ లాక్ ఉంది. రేషను, పింఛను రోజున తెరుచుకుని మిగిలిన రోజుల్లో మూసుకోవచ్చు. వృద్ధులకు ఇది కొంత ఇబ్బందే, ఇంట్లో చదువుకున్నవారు చూసుకోవాలి. అలాగే మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర ప్రభుత్వపు సంచార్ సాథీలో చూసుకోవచ్చు. ఎన్నడో ఇచ్చిన ఆధార్ జిరాక్సు మీద ఎవరు ఏ నంబరు తీసుకున్నారో తెలుస్తుంది.

ఫోను పోతే? ఇంటికి వెళ్లగానే *#06# నొక్కి వచ్చే ఐఎంఈఐ నంబరును గోడ క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి, ఫోనులో కాదు. 2023 మే నెల నుంచి దేశమంతటా అందుబాటులోకి వచ్చిన సీఈఐఆర్ ద్వారా ఆ నంబరుతో ఫోనును ఏ నెట్‌వర్కులోనూ పనిచేయకుండా ఆపించవచ్చు. మన చిత్తూరు పోలీసులు చాట్‌బాట్ పేరుతో, తిరుపతి పోలీసులు మొబైల్ హంట్ పేరుతో వాట్సాప్‌లోనే ఫిర్యాదు తీసుకుని, పోయిన ఫోన్లను వెదికి పిలిచి ఇస్తున్నారు. ఇది మెచ్చుకోవలసిన పని. అయితే ఫోను తిరిగి వచ్చేలోగా అది ఎవరెవరి చేతులు మారిందో, తెరకు తాళం లేకపోతే అందులోంచి ఏమేమి బయటకు పోయాయో పోలీసులు చెప్పలేరు.

ఒక విన్నపం మా మొబైల్ రిపేరు సోదరులకు. ఈ రెండు జిల్లాల్లో ఈ వృత్తిలో మన పిల్లలు ఎందరో ఉన్నారు. మీ బల్ల మీదకు వచ్చే ప్రతి ఫోనూ ఒక ఇంటి బీరువా. కొత్త ఫోను ఇచ్చేటప్పుడు మీ జీమెయిల్ పెట్టకండి. అయిదు నిమిషాలు ఎక్కువ పట్టినా వారిదే తెరిపించండి. పాత ఫోను కొన్నప్పుడు అమ్మినవారి ఎదుటనే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. రిపేరుకు ఇచ్చినవారిని పాస్‌వర్డు కాగితం మీద రాసి అంటించమనకండి. దుకాణం ముందు "మేము మీ ఫోను తెరవము" అని ఒక బోర్డు పెట్టి చూడండి. వచ్చే గిరాకీని చూసి పక్క దుకాణంవాడు కూడా పెడతాడు.

ఇక్కడ దక్షిణం వైపు మూలన మా బల్ల ఉంది. అసర్ నమాజు దాకా అక్కడే ఉంటాం, తర్వాత కూడా కొంతసేపు ఉంటాం. మహిళల కోసం పరదా ఆవల మా బృందంలోని విశ్రాంత ఉపాధ్యాయిని ఒకరు కూర్చుంటారు. రండి. ఫోను మాత్రం మా చేతికి ఇవ్వకండి. మీ చేతిలోనే ఉంచుకోండి. ఎక్కడ నొక్కాలో మేము చెబుతాం, మీరే నొక్కండి. కళ్లజోడు మరచిపోయి వచ్చినవారికి మా దగ్గర రెండు ఉన్నాయి.